పామర్రు ఆడపడుచు

సంపూర్ణమ్మ ససేమిరా అంది.

"ఒకళ్ళిచ్చిన గుడ్డ నేను కట్టనమ్మా. ఇదే ఆరిపోతుందిలే, ఒంటి మీదే."

ఆరడమా! చీర అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ముసలావిడ పళ్ళు టకటకలాడుతున్నాయి.

రెండువేల ఐదు. బుడమేరు పొంగి కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి. పటమటలో ఆడవాళ్ళ సంఘం ఒకటి కల్యాణమండపం తలుపులు తీయించి, ఇంటింటికీ తిరిగి బట్టలు పోగేసింది. చీరలు ఒక గుట్ట, లుంగీలు ఒక గుట్ట, పిల్లల గౌన్లు ఇంకో గుట్ట. తడిసి వచ్చినవాళ్ళు వచ్చినట్టే పొడి బట్టలు కట్టుకుని, వేడి ఉప్మా తిని కూర్చుంటున్నారు. సంపూర్ణమ్మ కోడలు విజయకుమారి కూడా మార్చుకుంది. అత్తగారొక్కతే ప్లాస్టిక్ కుర్చీలో రాయిలా కూర్చుంది.

ఒకామె బతిమాలింది. ఒకామె కసిరింది. మందులిచ్చే డాక్టరు నాడి చూసి, బెదిరించి మరీ వెళ్ళాడు.

"జ్వరం పెరుగుతోంది. ఆ తడిబట్ట ఇంకాసేపు ఉంచితే ఊపిరితిత్తులకు పాకుతుంది. ఈ వయసులో తట్టుకోలేదు."

"పోతే పోతాను. ఇది పెట్టిన చెయ్యేగాని చాచిన చెయ్యి కాదు" అంది సంపూర్ణమ్మ.

విజయకుమారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూడలేక నజీమా లేచింది.

సంఘంలో నజీమా నోటికి తిరుగులేదు. గుట్టలోంచి మెరూన్ రంగు మంగళగిరి చీర, మడత కూడా విప్పనిది, ఏరి తీసి వీపు వెనక దాచుకుంది. ఏం చెప్పాలో ఇంకా తెలీదు. మునిగిన కాలనీల్లో పామర్రు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు చాలామందే ఉన్నారు. సరే, చీకట్లో ఒక రాయి వేద్దాం అనుకుంది.

"మామ్మగారూ, మీ పుట్టిల్లు పామర్రు కదండీ?"

సంపూర్ణమ్మ తలెత్తింది. నజీమా మొహంలోకి కాసేపు అట్లాగే చూసింది.

"అవునమ్మాయ్. నీకెట్లా తెలుసు?"

తగిలింది! నజీమా పొంగిపోయింది.

"తెలీకపోవడమేంటండీ, మాదీ పామర్రే!"

పచ్చి అబద్ధం. నజీమా పుట్టిందీ, పెరిగిందీ, పెళ్ళాడిందీ అంతా వన్‌టౌన్‌లోనే.

విజయకుమారి ఏదో అనబోయింది. "నువ్వూరుకోవే, మా ఊరి పిల్లతో మాట్లాడనీ" అని అత్తగారు గదిమింది.

"ఏ వీధి మీది?"

నజీమా కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. "మసీదు పక్క సందండీ."

"మొదట్లో పిండిమర ఉంటుందే, ఆ సందా?"

"అదేనండీ, అదే!"

"ఎవరి పిల్లవి?"

"టైలర్ అలీగారి అమ్మాయినండీ." నోటికొచ్చిన పేరు అనేసింది.

"అలీ కూతురివా! ఓసి నీ దుంప తెగ! పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా నా జాకెట్లు మీ నాన్నే కుట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా చంకల దగ్గర బిగించేసేవాడు."

పామర్రులో నిజంగానే ఒక టైలర్ అలీ ఉన్నాడన్నమాట! నజీమా లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఎన్నడూ చూడని ఆ అలీ తరఫున క్షమాపణ కూడా చెప్పింది.

"ఆయన చెయ్యే అంతండీ. మా అమ్మ కూడా తిడుతుంది."

"మీ అమ్మ చెయ్యి మాత్రం బంగారం. రంజాన్‌కి మా ఇంటికి సేమ్యా పాయసం పంపేది. గిన్నె పట్టుకుని ఒక గౌను పిల్ల వచ్చేది."

"నేనేనండీ ఆ పిల్లని!"

"నువ్వా? దారిలో సగం తాగేసేదానివి కదే దొంగముండా!"

మండపమంతా గొల్లుమంది. నజీమా చెవులదాకా ఎర్రబడింది. చేయని దొంగతనానికి అంత సిగ్గుపడాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. ఇదే అదనని చీర ముందుకు తీసి, మీద ఒక అరటిపండు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"తాగేసిన పాయసానికి బదులు ఇది తీసుకోండి మామ్మగారూ. సంఘం చీర కాదు, పుట్టింటి చీర. మా ఊరి ఆడపడుచు తడిబట్టతో కూర్చుందని తెలిస్తే మా నాన్న నన్ను గడప తొక్కనివ్వడు."

సంపూర్ణమ్మ చీర తీసుకుంది. కళ్ళకద్దుకుంది. కన్నీళ్ళు కూడా ఆ చీరతోనే తుడుచుకుంది. ఆనక చీరను ఇటూ అటూ తిప్పి చూసింది.

"జాకెట్టు గుడ్డేదే? పుట్టింటోళ్ళు ఉత్త చీర పెడతారా?"

నజీమా గుట్ట దగ్గరికి పరుగెత్తింది.

పొడి చీర కట్టి, మాత్ర మింగి, రెండుసార్లు ఉప్మా పెట్టించుకున్నాక సంపూర్ణమ్మ మొహంలోకి కళ వచ్చింది. కోడలి అక్కగారింటికి వెళ్ళడానికి ఆటో ఎక్కుతూ నజీమా నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది.

"మీ నాన్ననడిగానని చెప్పు."

"తప్పకుండా చెప్తానండీ."

ఆటో కనుమరుగైందో లేదో నజీమా కొంగు బిగించి మండపంలోకి తిరిగింది.

"చూశారా? డాక్టరు వల్ల కానిది నేను చేశాను. పాపం, అమాయకురాలు. ఇట్టే బుట్టలో పడిపోయింది!"

అక్కడ ఆటో బెంజ్ సర్కిల్ దాటుతోంది. విజయకుమారి ఇక పట్టలేకపోయింది.

"అదేంటత్తయ్యా, అట్లా చెప్పారు?"

"ఏం చెయ్యనే, నా కోసం ఆ పిల్ల చెమటలు కక్కుతూ అంత ముద్దుగా అబద్ధాలాడుతుంటే, నా పుట్టిల్లు ఏలూరనీ, పామర్రు మొహం నేను బస్సు కిటికీలోంచి కూడా చూళ్ళేదనీ చెప్పడానికి నోరు రాలేదు" అంది సంపూర్ణమ్మ.