కేకు నడుమ గుంట

"నడుమ గుంట ఏదమ్మాయ్? జామ్ ఎక్కడ పోయను?" అన్నారు మా ఆయన, సీసా చేత్తో పట్టుకుని.

గంటలో నా ఆడపడుచులు ముగ్గురూ పండగ భోజనానికి దిగుతారు. కొత్త కోడలు మొట్టమొదటిసారి చేసిన కేకు బల్ల మీద బొద్దుగా పొంగి కూర్చుంది.

"ఇరవై నిమిషాలకు ఓవెన్ తలుపు తీయమన్నారు అత్తయ్య. తీస్తే కుంగిపోతుందని తీయలేదు మామయ్యా," అంది పిల్ల, మొహం చిన్నబుచ్చుకుని.

"కుంగాలనే తీయమన్నానే తల్లీ," అన్నాను. "కాపురానికొచ్చిన ఏడు నేను తెలియక తీశాను. కేకు చతికిలబడింది. మా అత్తగారు చూసి, 'మంచి పని చేశావు, గుంట పడితేనే జామ్ నిలిచేది, మనింటి పద్ధతే అది' అంది. అప్పట్నుంచీ ఆవిడా తీసేది, నేనూ తీస్తున్నాను."

మా ఆయన ఓ ముక్క కోసుకుని నింపాదిగా నమిలారు. "చిన్నప్పుడు అమ్మ కేకు అచ్చం ఇలాగే ఉండేది. గుంటలన్నీ నువ్వొచ్చాకే."

"నలభై రెండేళ్ళలో ఆ ముక్క ఒక్కసారైనా చెప్పలేకపోయారా?"

"నువ్వు అడగలేదు. జామ్ బాగుండేది."

నా ఒక్క తప్పు కప్పిపుచ్చడానికి ఆ మహాతల్లి బతికినన్నాళ్ళూ తన కేకు తనే కుంగదీసుకుంది.

"మీ ఆడపడుచులు గుంట ఏదని అడిగితే ఏం చెప్పను అత్తయ్యా?" అంది కోడలు.

"నువ్వేం చెప్పకు, నేను చెబుతా. 'ఇది మీ అమ్మ కేకే, నాకు చేతకాక కోడల్ని తెచ్చుకున్నాను' అంటాను వాళ్ళతో."