పద్నాలుగో సీటు

రాజీనామా ఇచ్చి ఏడాదైంది. వచ్చింది ఒక్కటంటే ఒక్క ఆర్డరు.

పదకొండేళ్లు పెద్ద కంపెనీలో గాజు గదుల మధ్య బతికిన మనిషి. "ఇకమీద ఆఫీసు పనులన్నీ ఏఐ చేసేస్తుంది, ఆ ఏఐని నేను చేసిపెడతా" అని ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు. వీడ్కోలు రోజున కేకు కోశారు. ఆ కేకు తిన్నవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఇప్పుడు ఫోనెత్తడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ముందే అచ్చేయించిన విజిటింగు కార్డులు అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి.

ఇంట్లో ఇస్త్రీ బల్లే ఆఫీసు. బావమరిది దానికి 'ప్రధాన కార్యాలయం' అని పేరు పెట్టాడు. ఇల్లు నడిచేది భార్య జీతం మీద. ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఏదో ఆఫీసులెండి" అనేసి తన ఏఐ పురాణం విప్పేవాడు.

అలాంటప్పుడు ఒక మధ్యవర్తి ద్వారా తగిలింది ఈ ఆర్డరు. ఏదో బీమా కంపెనీ. పేరు చెప్పరు. బీమా సొమ్ము రాదని జనానికి ఉత్తరాలు రాసే విభాగం వాళ్లది. అక్కడ పద్నాలుగో సీటులో ఒకరున్నారట. రాదు, లేదు, కుదరదు అని రాసినా, అందుకున్నవాళ్లు తిట్టకుండా దండం పెట్టి జవాబు రాస్తారట. ఆ సీటు నుంచి వెళ్లిన రెండేళ్ల ఉత్తరాలు, పేర్లన్నీ తుడిచేసి పంపారు. అచ్చం అలాగే రాసే ఏఐ కావాలన్నారు.

"ఇది కూడా బెడిసికొడితే దుకాణం కట్టేయడమే," అన్నాడు భార్యతో. "పాత ఆఫీసుకెళ్లి కాళ్లు పట్టుకోవాలి. వాళ్లూ తీసుకోరు."

ఆదివారం పొద్దున, కాఫీ తాగుతూ ఒక ఉత్తరం చదివి వినిపించాడు. భర్త పోయిన ఒకావిడకి రాసింది.

"'మీరడిగిన సొమ్ము మేం ఇవ్వలేం. మీ వారు చివరి ప్రీమియం అదనపు గడువు కూడా దాటిన ఆరు రోజులకి కట్టారు. తప్పు మీది కాదు. ఆయన పనిచేసిన చోట ఇంకో బీమా ఉండొచ్చు, రేపు పొద్దున వెళ్లి అడగండి.' ఎలా ఉంది?"

భార్య కప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. కాఫీ చల్లారింది." కప్పు కింద పెట్టింది. "మీ ఏఐ వచ్చాక ఈ రాసినవాళ్లు ఏమైపోతారు?"

"వేరే పనేదో ఇస్తార్లే. అయినా నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు."

"అవును. ఎవరో ఒకరు చేసేదే," అంటూ కప్పు కడగడానికి లేచింది.

మూడు వారాలు గడిచాయి. అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్నట్టు ఉంది అతని పని. ఏఐ సానుభూతిని బిందెలతో కుమ్మరించేది. అసలు విషయం ఎక్కడో అడుగున మునిగిపోయేది. మధ్యవర్తి రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోది ఆఖరి అవకాశమన్నాడు.

ఆ సాయంత్రం అతను ఇస్త్రీ బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఏడుపొక్కటే తక్కువ. ఆఫీసు నుంచి వచ్చిన భార్య చెప్పులైనా విడవకుండా పక్కకొచ్చి నిలబడింది.

"రాసుకోండి. చెడ్డ కబురు మొదటి వాక్యంలోనే చెప్పెయ్యాలి. ఆశపెట్టి చంపకూడదు."

రాసుకున్నాడు.

"'చింతిస్తున్నాం' అనకూడదు. చింతించేదెవరో చదివేవాళ్లకి తెలుసు. చివర్లో, రేపు పొద్దున వాళ్లు చెయ్యగలిగిన పని ఒకటి చెప్పాలి. ఎంత చిన్నదైనా సరే."

"నీకివన్నీ ఎలా తెలుసే?"

"ఇన్ని ఉత్తరాలు చదివి వినిపించారుగా. చెవులున్నాయి నాకు."

"భలేదానివే! నిన్నెప్పుడో ఉద్యోగంలో పెట్టుకోవాల్సింది!"

ఆమె నవ్వలేదు. చెప్పులు విడవడానికి వెళ్లింది.

మూడోసారి ఏఐ నెగ్గింది. సోమవారం నుంచే మొదలన్నారు. ఆ పొద్దున భార్య పెద్ద సంచీ ఒకటి ఖాళీది మడిచి పట్టుకుని బయల్దేరింది.

"ఎందుకది?"

"తెచ్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి," అంది. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది. "మీది బాగా జరగాలి."

పదకొండింటికి తెర మీదికి మధ్యవర్తి వచ్చాడు.

"ఇక దాపరికం లేదు గురువుగారూ. ఇవాళ్టి నుంచి అసలు పేర్లతోనే పని. మొదటి ఉత్తరం మీ చేత్తోనే రాయించండి."

"ఎవరికి?"

"ఇంకెవరికి, పద్నాలుగో సీటుకే. రేపట్నుంచి రానక్కర్లేదని. పోయిన నెలే నోటిమాటగా చెప్పేశారులెండి, కాగితం ఒక్కటే బాకీ."

ముక్కూ మొహం తెలియని మనిషి పొట్ట కొడుతున్నానన్న బాధ పొడిచింది. కానీ ఏడాదికి ఒక్క ఆర్డరు. కళ్లు మూసుకుని మీట నొక్కాడు.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే నడిచాయి.

'రేపటి నుంచి మీకు ఈ ఉద్యోగం లేదు. మీ పని ఇకమీద ఏఐ చేస్తుంది. తప్పు మీది కాదు. రేపు పొద్దున బస్సు కోసం లేవకండి, మెలకువ వచ్చేదాకా పడుకోండి.'

"అబ్బ! అచ్చం వాళ్లు రాసినట్టే ఉందండీ," అన్నాడు మధ్యవర్తి.

అప్పుడు ఉత్తరం పైన, ఇన్నాళ్లూ తుడిచేసి ఉన్న చోట, ముందు అతని భార్య పేరు, దాని కింద అతని ఇంటి నంబరు వచ్చి కూర్చున్నాయి.