ఎర్ర మీట

“వింటున్నావా, లేదా?” అంది సీనియర్.

అతను ఫోను బోర్లించి తలూపాడు. ఆమె కస్టమర్ ఫిర్యాదు వివరిస్తోంది. ఆఫీసు కంప్యూటర్లలో మీట నొక్కిన మరుక్షణం ప్రోగ్రాముకు తెలిసిపోతుంది. కస్టమర్ వాడేది ఊరికే దొరికే వేరే సిస్టమ్. ఎంటర్ కొట్టేదాకా నొక్కిన అక్షరాలన్నిటినీ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి, అప్పుడు ఒక్కసారిగా లోపలికి వదులుతుందట. అతనికి సగం చెవిలో పడింది, సగం పడలేదు.

“పొద్దస్తమానం ఆ ఫోను వంకే చూస్తావు. ఎవరోయ్ ఆవిడ?” అంది నవ్వుతూ.

“మా అక్కండీ.”

సీనియర్ నవ్వు ఆపేసింది.

ఇళ్లలో పనిచేసి అతన్ని చదివించింది అక్క. ఉద్యోగం రాగానే అతను ఆఫీసు దగ్గర గది తీసుకున్నాడని అలిగింది. ఆ అలక తీరకముందే పక్షవాతం ఆమె మాటను, ఒక చేతిని లాగేసుకుంది. ఆమెకు చదువు రాదు, ఫోను చేతిలో నిలవదు. అందుకే అతను ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. తెర మీద గడియారం నడుస్తూనే ఉంటుంది. మధ్యమధ్యలో ఎవరైనా మీట నొక్కారా అని ప్రోగ్రాము తొంగిచూస్తుంది. నొక్కితే అతని ఫోను మోగుతుంది. ఆఫీసులో పరీక్షిస్తే చక్కగా మోగింది.

అక్కకు ఎదురుపడే ధైర్యం లేక, మేనకోడలి చేతే దాన్ని ఇంట్లో ఆ పిల్ల కంప్యూటర్లో పెట్టించాడు. ఒక మీటకు ఎర్ర కాగితం అతికించమన్నాడు. తనను చూడాలనిపిస్తే అది నొక్కమని, వెంటనే వచ్చేస్తానని అక్కతో చెప్పమన్నాడు.

“నాది మీ ఆఫీసు వాటిలాంటిది కాదు మామయ్యా, ఊరికే దొరికే సిస్టమ్ వేయించుకున్నా. అయినా గడియారం బ్రహ్మాండంగా నడుస్తోంది,” అంది ఆ పిల్ల.

ఫోను మాత్రం మోగలేదు. వారాలు గడిచాయి. పగలంతా అక్క ఒక్కతే ఉంటుంది. గదిలో ఇతనూ ఒక్కడే.

“మీ అమ్మ నన్ను తలుచుకుంటోందా?” అన్నాడు ఒకరోజు మేనకోడలితో.

“మొదట్లో గుమ్మం వైపే చూసేది. ఇప్పుడు నీ పేరెత్తితే మొహం తిప్పేసుకుంటోంది.”

ఇక ఆశ వదులుకుని, ఆదివారం ఆ ప్రోగ్రామును తీసేయడానికి అక్క ఇంటికి వెళ్లాడు. అతన్ని చూడగానే అక్క గోడవైపు తిరిగింది. ఎర్ర కాగితం మధ్యలో అరిగి తెల్లబడి ఉంది. నాసిరకం కాగితం అనుకున్నాడు.

“నీకు దీంతో పనిలేదులే అక్కా, తీసేస్తున్నా.”

ఆమె కళ్లు మూసుకుంది.

ప్రోగ్రామును ఆపే మీట నొక్కాడు. గడియారం ఆగలేదు. అలవాటు కొద్దీ ఎంటర్ కొట్టాడు.

జేబులో ఫోను మోగడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు.