ఎడం మేడం

“మా అమ్మాయి గొంతు ఇక్కడే ఉంటుందన్నారమ్మా,” అన్నాడు బస్సు డ్రైవరు, సంచీలోంచి ఫోను తీసి బల్ల మీద పెడుతూ.

వరద వచ్చిన రోజు అతను డ్యూటీలో ఉన్నాడు. ఫోను ఆఫ్ చేసి ఉంది. హాస్టల్ గదిలోంచి కూతురు వాయిస్ మెసేజ్ పంపింది. అతను ఫోను ఆన్ చేసేసరికి కూతురూ లేదు, మెసేజూ తెరుచుకోలేదు. ఆ మెసేజ్‌లన్నీ దాచే కంపెనీకి అదే ఊళ్లో ఒక డేటా సెంటర్ ఉంది. అదీ మునిగింది. అందులో పోయినవాటికి కాపీలు ఇంకెక్కడైనా మిగిలాయేమో ఒక్కొక్కటే వెతికి తీస్తున్నారు.

వెతికేది బల్లకి అవతల కూర్చున్న ఆవిడే. ఏ కాపీ ఎక్కడుండాలో నిర్ణయించేదీ ఆవిడే. ఆఫీసులో అందరూ చాటుగా ‘ఎడం మేడం’ అంటారు. ప్రతి మెసేజ్‌కీ మూడు కాపీలు. ఏ రెండూ కంప్యూటర్లు పేర్చిన ఒకే ర్యాక్‌లో ఉండకూడదు, ఆ ర్యాక్‌కి కరెంటు పోతే రెండూ పోతాయి. ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి, ఊరే మునిగినా అదొక్కటీ మిగులుతుంది. “ఎడంగా పెట్టండి, ఎడంగా” అంటూ కొత్తవాళ్ల ప్రాణాలు తోడేసేది. భోజనాల దగ్గర ఇద్దరు ఒకే బెంచీ మీద కూర్చున్నా, జరగండ్రా మేడం చూస్తే చంపేస్తుంది అని నవ్వుకునేవాళ్లు.

ఇంట్లో ఆడమనిషి గోడవైపు తిరిగి పడుకుంటే ఇక లేవడం లేదని చెప్పాడు డ్రైవరు. తనకూ ముద్ద దిగడం లేదన్నాడు. చివరికి ఏమందో తెలిస్తే చాలన్నాడు.

“నన్ను తిట్టినా సరేనమ్మా. వింటాను.”

ఆవిడ అతనికి టీ తెప్పించి లోపలికెళ్లింది.

టీ మీద తెట్టు కట్టింది. అతను ముట్టుకోలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ బయటికొచ్చేసరికి మొహం కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“లేదు బాబాయ్. పోయింది.”

“ఎక్కడో ఒకచోట ఉంటుందన్నారు కదమ్మా.”

“ఉండాల్సింది. నేనే తప్పు చేశాను. మూడూ ఒకే ర్యాక్‌లో పెట్టేశాను. ఆ ర్యాక్ నీళ్లపాలైంది.”

ర్యాక్ అంటే ఏమిటో అతనికి తెలియదు. ‘నేనే’ అన్న మాట మాత్రం అర్థమైంది.

“బిడ్డని నీళ్లు తీసుకుపోయాయి. మాటని నువ్వు తీసుకుపోయావు తల్లీ,” అన్నాడు.

కేకలేమీ వేయలేదు. ఫోను తీసి సంచీలో పెట్టుకోబోయాడు. ఆవిడ సాయం చేయబోతే సంచీ వెనక్కి లాక్కున్నాడు.

పక్క బల్ల దగ్గరున్న మేనేజరు అంతా విన్నాడు. బయటి మనిషి ముందు కంపెనీ పరువు తీసినందుకు సంజాయిషీ అడిగాడు. కాపీల పని ఇకమీదట ఆవిడ చూడక్కర్లేదన్నాడు. ఆవిడ తలూపింది. ఇన్నాళ్లూ ఆవిడ చేత తిట్లు తిన్న కొత్త ఇంజినీరు అమ్మాయి మాత్రం నమ్మలేక దగ్గరికొచ్చి, మూడూ ఒకే ర్యాక్‌లోనా, అదీ మీరా అని నెమ్మదిగా అడిగింది. ఆవిడ బల్ల మీది సామాను సర్దుకుంది.

కిటికీలోంచి బస్టాపు కనిపిస్తోంది. డ్రైవరు అక్కడే కూలబడి ఉన్నాడు. బస్సులు వస్తున్నాయి, ఆగుతున్నాయి, పోతున్నాయి. అతను లేవడం లేదు.

వేరే ఊరి డేటా సెంటర్లో మూడో కాపీ చెక్కుచెదరకుండా ఉంది, అందులో ఆ పిల్ల, “నాన్నా, నువ్వు చెప్పినట్టే గది దాటలేదు, నీళ్లు మంచం ఎక్కేశాయి, ఇప్పుడైనా బయటికి వెళ్లనా?” అని అడుగుతోంది.