చెంచాడు చక్కెర

ఉతికిన బట్టలు ఆరెయ్యాలి. కుళాయి కారుతోందని ఇంటి ఓనరుకు చెప్పాలి. అమ్మకు ఫోన్ చెయ్యాలి. ఎలాగైనా కాలింగ్ బెల్ మోగేలోపు ఓ కునుకు తియ్యాలి.

ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆమెకు మిగతావన్నీ ఎలాగోలా అయ్యేవి. ఆ కునుకు దగ్గరే వచ్చేది చిక్కు. ఈ పరాయి దేశంలో దిగిన దగ్గర్నుంచి ఇదే వరస. కన్ను అంటుకోగానే బెల్ మోగేది.

ఒకరోజు ఎదురు ఫ్లాటు పెద్దాయన.

"ఓ చెంచాడు చక్కెర ఉంటుందా తల్లీ?"

మర్నాడు పై అంతస్తు కుట్టుపని ఆవిడ. "టైమెంతయిందమ్మా?" చేతికి వాచీ ఉండనే ఉంది.

ఆ మర్నాడు కింది షాపు బార్బరు. "ఏం లేదు. ఊరికే. బాగున్నావా?"

అన్నీ నవ్వుమొహాలే. ఆమెను ఎగాదిగా చూసి, తృప్తిగా వెళ్ళిపోయేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. రానురాను భయం పట్టుకుంది. పక్క ఫ్లాట్ల బెల్ ఎవరూ నొక్కరు. వంతులేసుకున్నట్టు అందరూ తన తలుపు మీదే పడతారు. పైగా చక్కెర అడిగే ఆ పెద్దాయనకు షుగరు. ఆయన రక్తం పరీక్ష చేసింది తానే!

తమ్ముడికి ఫోన్‌లో చెప్పుకుంది.

"నువ్వెప్పుడుంటావో, ఎప్పుడుండవో కనిపెడుతున్నారక్కా. ఖాళీ చేసెయ్."

"ఇంత తక్కువ అద్దెకు ఇంకెక్కడ దొరుకుతుందిరా?"

"అసలు అంత తక్కువకెందుకిచ్చారట? ఒక్కరోజు తలుపు తియ్యకుండా ఉండి చూడు. వాళ్ళ బండారం బయటపడుతుంది."

మర్నాడు బెల్ మోగింది. ఆమె మంచం మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది. మళ్ళీ మోగింది. తర్వాత తలుపు మీద దబదబా గుద్దులు. మెట్ల మీద పరుగులు.

"పలకడం లేదు! గునపం తెండి, గునపం!"

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. పోలీసులకు ఫోన్ చేయబోయేంతలో గడియ ఊడి కింద పడింది.

గుమ్మం నిండా జనం. బార్బరు భుజం మీద తువ్వాలు, చేతిలో గునపం. కుట్టుపని ఆవిడ కాళ్ళకు చెప్పులు కూడా లేవు. మంచం మీద కూర్చున్న ఆమెను చూడగానే పెద్దాయన గోడకు జారగిలబడి నేల మీద కూలబడ్డాడు.

"నేనేం పాపం చేశాను మీకు? నన్ను నిద్ర కూడా పోనివ్వరా?" ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

పెద్దాయన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"మమ్మల్ని ఎంతైనా తిట్టుకో తల్లీ, కానీ నీకన్నా ముందు ఈ గదిలో ఉన్న పరాయి దేశం పిల్ల సంగతి మాత్రం విను, బెల్ కొడితే పలకలేదు, ఆమెదీ రాత్రి డ్యూటీయే కదా, పాపం నిద్రపోతోంది, లేపకూడదని మేమంతా మర్యాదగా వెనక్కెళ్ళిపోయాం, వాసన వచ్చేదాకా."