దొర బావి

“ఆ దొర ఏమన్నాడంటివి? ఇంకోసారి చెప్పప్పా” అన్నాడు తిమ్మప్ప, అరుగు మీద వక్కాకు నములుతూ.

మెట్టు పక్కన కింద బండ మీద కూర్చున్న చెన్నప్ప ఇంగ్లీషు పుస్తకంలో వేలు పెట్టి, నాలుగు ముక్కలు చదివి, తెలుగులో చెప్పాడు. “‘నా బావిలో నీళ్ళు నా గులాబీ చెట్లకే చాలవు. మీరు యాడన్నా పోయి తాగండి’ అన్నాడంటయ్యా.”

“థూ!” తిమ్మప్ప వాకిట్లోకి ఉమ్మాడు. “చెట్లకు పోసుకుంటాడంట, మనుషులకు ఇయ్యడంట. ఈడూ ఒక మనిషేనా? రోత నాకొడుకు!”

అరుగు మీద ఇంకో చివర కూర్చున్న నారాయణ తల వంచుకుని పుస్తకంలోకే చూస్తున్నాడు. ఎస్సెల్సీలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన ఘనుడు. పంచాయతీ ప్రెసిడెంటు కొడుకు తప్పాడని కళ్యాణదుర్గం ఆఫీసుల్లో బంట్రోతులు కూడా నవ్వుకున్నారు. ఈసారీ తప్పితే మడక పట్టించి పొలం దున్నించడమే అని తిమ్మప్ప ఒట్టేసుకున్నాడు. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాడు మరొకడు లేక, మిషన్ బడిలో చదివి బి.ఏ. పాసైన చెన్నప్పను ఊరి బయటి పేట నుంచి పిలిపించుకోవాల్సి వచ్చింది. పిలిపించుకున్నాడే గాని అరుగెక్కించలేదు. దాహమంటే దోసిట్లో పోయమని ఇంట్లో చెప్పి ఉంచాడు. చెన్నప్ప ఒక్కనాడూ నీళ్ళడగలేదు.

పొద్దున పూట చెన్నప్ప పిల్లవాడికి పాఠాలన్నీ బట్టీ పట్టించేవాడు. సాయంత్రం చదువుకు మాత్రం తిమ్మప్ప కాపలా కూర్చునేవాడు. ఇంగ్లీషంటే అతనికి అసహ్యమే గాని, ఈ దొర కథ మాత్రం బాగా పట్టుకుంది.

“ఇయ్యాలటికి చాలయ్యా. మాయమ్మ చెలమ కాడికి పోయింది, కుండ మోయల్ల” అని చెన్నప్ప లేచాడు.

తిమ్మప్ప మొహం చిట్లించాడు. పేట బావి ఎండిపోయి మూడు నెలలైంది. మొదట్లో పేట ఆడవాళ్ళు అతని తోట బావి దగ్గర కుండలు పెట్టుకుని కూర్చుంటే, జీతగాళ్ళు చేది పోసేవాళ్ళు. చీనీ కాయల చెట్లు వాడుతున్నాయని శివరాత్రి నాటికే అతను అది మాన్పించి, దోవకు అడ్డంగా కంప కొట్టించాడు. వాళ్ళు ఏట్లో చెలమలు తవ్వుకుని ఊటనీళ్ళు ముంచుకుంటున్నారు. అడగడానికి వచ్చిన పెద్దమనుషులను అతను నోరెత్తనివ్వలేదు. తోట తనది, బావి తనది, ఇంక మాటలెందుకు?

మర్నాడు సాయంత్రం పుస్తకం తెరవగానే తిమ్మప్ప ముందుకు వంగాడు.

“నిన్న కూడా ఈ బొమ్మ ఉండే పుటే కదప్పా?”

“ఇంగ్లీషోళ్ళు ఒక్క మాటలో శానా చెప్తారయ్యా.”

నారాయణకు దగ్గు తెర వచ్చింది. లేచి పోయి నీళ్ళు తాగి వచ్చాడు.

“ఈ బొర్రోడేనా ఆ దొర?” తిమ్మప్ప బొమ్మ మీద గోరు పెట్టి గీరాడు. టోపీ, కోటు, ఎత్తు పొట్ట.

“ఆ, ఆయప్పే. ఈ దినం ఒక ముసలామె వస్తాదయ్యా. మనవనికి జరం, నాలిక పిడచకట్టుకపోయింటాది. చెంబుడు నీళ్ళిస్తే చాలంటాది. దొర కుక్కల్ని వదుల్తాడు.”

“కుక్కల్నా!” తిమ్మప్ప లేచి నిలబడ్డాడు. “అట్లాంటోని నీళ్ళల్లో పురుగులు పడ! ఊర్లో ఎవురూ ఏమీ చేయలేదా వాణ్ణి? దేవుడన్నా?”

“ఎవురూ ఏమీ చేయలేదు. నిండా బతికినాడు. కొడుకును పెద్ద బడికి పంపినాడు. ఆ కొడుకు బళ్ళో ఈ పాఠమే చదివినాడంట. ఇంటికొచ్చి, ‘ఇందులో ఉండేది నువ్వేనా నాయనా?’ అని అడిగినాడంట. ఆడికి కథ అయిపోయిందయ్యా.”

తిమ్మప్ప ఉమ్మబోయి నారాయణ వైపు చూశాడు. వాడు పుస్తకం మూసి తండ్రినే చూస్తున్నాడు. నోట్లో వక్కాకు చేదెక్కింది. చెన్నప్ప ఎప్పుడు లేచి వెళ్ళాడో అతనికి తెలియలేదు.

ఇంట్లో భార్య సుబ్బరత్నమ్మ సంగటి పెట్టి చెంబుతో నీళ్ళు అందించింది. తాగకుండానే ఆ చెంబు కింద పెట్టేశాడు. రోత దొర మీద కాదు. తన మీద తనకే. ఒళ్ళంతా కడుక్కున్నా పోదనిపించే రోత.

తెల్లారగానే జీతగాళ్ళను పిలవకుండా తనే తోట దోవ కంప లాగి పారేశాడు. ముళ్ళు చీరుకుని చేతులు నెత్తురయ్యాయి. భయంభయంగా వచ్చిన పేట ఆడవాళ్ళతో, “ఎవురూ పోయాల్సిన పనిలేదు. ఎవురి కుండ వాళ్ళే చేదుకోండి” అన్నాడు. చీనీ చెట్లు ఎండితే ఎండనీ అనుకున్నాడు. ఆ సాయంత్రం చెన్నప్ప మొదటిసారి దాహమన్నాడు. తిమ్మప్ప చెంబు అతని చేతికే ఇప్పించాడు. అరుగు మీదికి మాత్రం రమ్మనలేదు.

ఇంగ్లీషు పరీక్ష రోజు తిమ్మప్ప రోడ్డు దాకా పోయి బస్సు కోసం కాచుకున్నాడు. నారాయణ నవ్వుతూ దిగాడు.

“ఎట్ల రాసినావురా?”

“బాగా రాసినా నాయనా. ఈసారి తప్పే మాటే లేదు.”

“ఆ బావి దొర గురించి అడిగినారా? నిండా రాసింటావు కదా, ఆ నాకొడుకు గురించి?”

నారాయణ తోట వైపు చూశాడు. దోవ పొడుగునా తడి కుండలు ఎత్తుకుని ఆడవాళ్ళు పోతున్నారు. వాళ్ళలో చెన్నప్ప తల్లి కూడా ఉంది.

“బావి పాఠం మా పుస్తకంలో లేదు నాయనా.”