టీచరు మీద అర్జీ

“రాయండమ్మా” అంటూ యలమంద వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

పొద్దుట్నుంచీ కల్లంలో రంగు పోయిన మిరప తాలుకాయలు ఏరి ఏరి చేతులు మండుతున్నాయి. కడుపు అంతకన్నా మండుతోంది. మూడో తరగతి చదివే కూతురు భవ్యని రెండో ఎక్కం అడిగితే, రెండు నాలుగుల దగ్గర ఆగిపోయి ఫ్యాను వంక చూసింది. తనంటే ఐదో తరగతితో బడి మానేశాడు. పిల్ల రోజూ బడికి వెళుతూనే మానేసినట్టుంది.

ఊళ్ళో ఏ అర్జీ అయినా జయకుమారి రాయాల్సిందే. పింఛను ఆగినా, పాసు పుస్తకంలో పేరు తప్పుపడినా సాయంత్రానికి అందరూ ఆ వరండాకే చేరతారు. ఇప్పుడే అంకమ్మ పింఛను కాగితం పట్టుకుని మెట్లు దిగిపోయింది.

“ఎవరి మీద?” అంది జయకుమారి.

“బడి టీచరు మీద.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. “అలా దారికి రా. చెప్పు, ఏం చేసింది?”

“పాఠం చెప్పట్లేదు.”

“మరేం చేస్తోంది? అది రాస్తేనే అర్జీకి బలం.”

యలమంద వేళ్ళు మడిచాడు. “రాగానే ఫోన్లో హాజరు. తర్వాత మరుగుదొడ్ల ఫొటోలు. అన్నం ఫొటో, గుడ్ల లెక్క. సిగ్నల్ లేదని బడి డాబా ఎక్కి నిలబడుద్ది. మొన్న రెండ్రోజులు బూట్ల కోసం పిల్లల పాదాలు కొలిచింది.”

“ఆదివారం ఓటర్ల లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇంటికెళ్ళి కూర మాడ్చుకుంటూ ఆ లెక్కలే మళ్ళీ రిజిస్టర్లో ఎక్కిస్తుంది. అదీ రాద్దామా?”

“రాయండి. ఇంక పాఠానికి మిగిలేది అరగంట.”

“ఇరవై నిమిషాలు” అని దిద్దింది జయకుమారి. “ఘోరమైన నిర్లక్ష్యం అని పెడదాం.”

“ఘోరం ఎందుకులేండమ్మా. మంచి మనిషే, పాపం.”

“మంచి మనిషని రాస్తే బుట్టలో పడేస్తారయ్యా. కాస్త కారం తగలాలి. మిర్చి రైతువి, నీకు నేను చెప్పాలా?”

ఒళ్ళో ఫోను టింగుమంది. ఆవిడ దాన్ని బోర్లా తిప్పేసింది.

“ఆ టీచరే పైవాళ్ళకి చెప్పుకోవచ్చుగా?” అన్నాడు యలమంద.

“రెండుసార్లు చెప్పుకుంది. పని భారం వివరాలు నింపమని ఇంకో ఫారం పంపారు. తల్లిదండ్రులు తిడితేనే ఆఫీసరు కదులుతాడు. వచ్చి కళ్ళారా చూస్తే ఆ పనులకి వేరే మనిషిని వేస్తారేమో.”

“ఆవిడ ఉద్యోగానికేమన్నా అయితే?”

“అయితే అయింది. నీ పిల్లకి ఎక్కాలు రావాలా, వద్దా?”

యలమంద ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం చేశాడు. పక్కనే ఎర్రగా కారం వేలిముద్ర కూడా పడింది.

“పైన ఖాళీ వదిలేశారేంటమ్మా?”

“టీచరు పేరు. చెప్పు, రాస్తాను.”

యలమంద నేల చూపులు చూస్తుంటే, జయకుమారి కిసుక్కున నవ్వి ఆ ఖాళీలో తన పేరే రాసుకుంది.